అత్తయ్యగారి రాయి

మీ బుకింగ్ నలుగురికి ఉంది, వచ్చింది ముగ్గురే, నాలుగో మనిషి వెనకాల వస్తున్నారా అని కౌంటర్ దగ్గర ఓకుమురా గారు మర్యాదగా అడిగినప్పుడు, కనకదుర్గ అంతే మర్యాదగా తన హ్యాండ్‌బ్యాగ్ జిప్పు లాగి, అందులోంచి ఒక నల్లరాయి తీసి కౌంటర్ మీద పెట్టింది.

ఎవరూ నవ్వలేదు. కనకదుర్గ నవ్వలేదు. ఆవిడ భర్త రవికుమార్ నవ్వలేదు. పదహారేళ్ళ కూతురు అవని మాత్రం, వెనకాల దాక్కోవడానికి ఆ హాల్లో స్తంభమేదైనా ఉందా అని నాలుగు వైపులా చూసింది. ఓకుమురా గారు డెబ్బై దాటిన జపాన్ ఆవిడ. రాయిని కాసేపు చూసింది. కనకదుర్గ ముఖం చూసింది. తర్వాత రెండు అరచేతులూ తొడల మీద ఆనించి, నడుం వంచి, రాయికి నమస్కారం చేసింది. చేసి, అలమరలోంచి నాలుగు జతల చెప్పులు తీసి వరసగా పెట్టింది.

"అమ్మా, దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్," అంది అవని పళ్ళ మధ్య నుంచి.

"ఆవిడకి అర్థమైంది. నీకే అవ్వలేదు," అంది కనకదుర్గ.

ఆవిడకి ఏం అర్థమైందో గానీ, మనకి అర్థం కావలసింది ఇది. ముగ్గురు కలిసి ఎక్కడికీ బయల్దేరకూడదు. తప్పనిసరైతే ఓ రాయిని వెంట పెట్టుకుని, దాన్ని నాలుగో మనిషి కింద జమకట్టుకోవాలి. కనకదుర్గకి ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అమెరికాలో ఈ నోవై ఊరికి వచ్చి ఇరవయ్యేళ్ళు కావస్తోంది. లైబ్రరీలో జనం తిరిగిచ్చిన పుస్తకాలు సర్దే ఉద్యోగం ఆవిడది, వాటిలో సైన్సు పుస్తకాలు కూడా ఉంటాయి. నమ్మదు, కానీ పాటిస్తుంది. ఎవరైనా తుమ్మితే కారు తాళాలు బల్ల మీద పెట్టి, గ్లాసుడు మంచినీళ్ళు తాగి మరీ బయల్దేరుతుంది. అదేమిటని అడిగితే, "ఇది నమ్మకం కాదండీ, ఇన్సూరెన్సు. యాక్సిడెంట్ అవుతుందని నమ్మే కడుతున్నామా ఏమిటి?" అంటుంది. ఆన్‌లైన్లో గది బుక్ చేసేటప్పుడు కూడా అంతే. ఎంతమంది అని అడిగిన చోట మూడు నొక్కడానికి వేలు రాలేదు. నాలుగు నొక్కింది.

ఏప్రిల్ దాకా ఆ ఇంట్లో ఉన్నది నలుగురే. నాలుగో మనిషి రవికుమార్ తల్లి పేరిందేవమ్మ గారు, కొవ్వూరావిడ. ఏప్రిల్లో పోయింది. పోయిందని అందరూ అన్నారు. అన్నీ సక్రమంగా జరిగాయి. కానీ డిసెంబరు వచ్చినా ఆవిడ నోవై ఇంట్లోంచి కదల్లేదు.

ఆ సంగతి కనకదుర్గ ఒక్కదానికే తెలుసు. పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టేసరికి వెనక నుంచి దగ్గు వినబడేది. బట్టలు మడత పెడుతుంటే, గిన్నెలు తీస్తుంటే, కారు తాళం వేస్తుంటే, చెవి పక్కనే ఒకటే మాట. "దుర్గా, మధ్యలో మిగిలిపోయిందే."

దాని కథ ఇది. పేరిందేవమ్మ గారు అమెరికా వచ్చిన మొదటి వారంలోనే షవర్‌ని ఎగాదిగా చూసి, "నిలబడి స్నానవేవిటే, వానలో కట్టేసిన గేదెలాగా," అంది. ఆ సాయంత్రానికి టబ్బులో ఓ ప్లాస్టిక్ పీట, బకెట్టు, చెంబు వెలిశాయి. కాళ్ళు తోముకోవడానికి కొవ్వూరు నుంచి చీరల మడతల్లో తెచ్చుకున్న నల్లరాయి సబ్బు పెట్టుకునే చోట కూర్చుంది. ఆదివారం ఆదివారం కోడలు వీపు రుద్దాలి. మెల్లగా రుద్దితే "అద్దం తుడుస్తున్నావా?" అనేది. గట్టిగా రుద్దితే "బీరకాయనుకున్నావా, ఒలిచేస్తున్నావు?" అనేది. అంతా అయి, తువ్వాలు చేతికిచ్చి, కనకదుర్గ నడుం నిమురుకుంటూ లేచాక, అప్పుడనేది: "మధ్యలో మిగిలిపోయిందే." రూపాయి బిళ్ళంత చోటట. తొమ్మిదేళ్ళు రుద్దినా ఆ రూపాయి చెల్లుబాటు కాలేదు.

ఆఖరి ఆదివారం వీపు సగంలో ఉండగా వంటింట్లోంచి పాలు మాడిన వాసన వచ్చింది. కనకదుర్గ లేచింది.

"ఇంకా ఉందే," అంది ముసలావిడ.

"వచ్చే వారం రుద్దుతా లెండి. ఎక్కడికి పోతుందీ, మీ వీపు?" అంది కనకదుర్గ.

వచ్చే ఆదివారానికి వీపు లేదు.

ఇదంతా మొగుడితో చెప్పుకుందామంటే, ఆయన తల్లి పోయిన దగ్గర్నుంచి "అమ్మ" అన్న మాట నోటితో అనలేదు. కింద ఆవిడ గది తలుపు వేసేసి, దాని ముందు నుంచి వెళ్ళేటప్పుడు లోపల ఎవరో పడుకున్నట్టు మునివేళ్ళ మీద నడిచేవాడు. ఏడిచాడా అంటే లేదు. ఆఫీసుకి వెళ్ళాడు, వచ్చాడు, మంచు తవ్వాడు. ఆ ఇంట్లో ఒకరికి ఆవిడ గొంతు ఆగదు, ఒకరికి ఆవిడ పేరు రాదు. ఇలా ఇంకో చలికాలం గడిస్తే తనకి పిచ్చెక్కుతుందని కనకదుర్గకి తెలిసిపోయింది. ఆ గొంతు లేని చోట నాలుగు రోజులు కంటినిండా నిద్రపోవాలి. అంతకు మించి ఆవిడ ఏమీ కోరుకోలేదు.

రవికుమార్ ఆఫీసులో పనిచేసే జపాన్ వాళ్ళు ఈ చోటు చెప్పారు. ఉత్తరాన ఓ సరస్సు ఒడ్డున జపాన్ పద్ధతి వేడినీళ్ళ స్నానాల సత్రం. కార్ల కంపెనీల పని మీద నోవై వచ్చి, ఇల్లు గుర్తొచ్చిన జపాన్ వాళ్ళంతా శీతాకాలం అక్కడికి పోతారట. వేడినీళ్ళ ఊట అంటే నిజంగా ఊట కాదు. లోతైన బోరునీళ్ళు, తుప్పు వాసన, కింద ఓకుమురా గారి భర్త కాసే బాయిలర్. "అంటే గీజరే కదా!" అంది కనకదుర్గ. అంటూనే బుక్ చేసింది.

బయల్దేరే రోజు పొద్దున రాయి కోసం వెతికితే నోవైలో రాయి లేదు. వాకిట్లో మోకాలి లోతు మంచు, పెరట్లో నడుం లోతు మంచు. బయట రవికుమార్ హారన్ కొడుతున్నాడు. కింద బాత్‌రూమ్‌లో చేతికి తగిలిన రాయిని హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసుకుని కారెక్కింది. హైవే మీద చాలా దూరం వచ్చాక, బ్యాగులో చెయ్యి పెట్టి టిష్యూ కోసం తడుముతుంటే వేళ్ళకి ఆ నునుపు తగిలింది. అరవయ్యేళ్ళు ఒకే మడమలు అరగదీసిన నునుపు. ఎవరి దగ్గర్నుంచి పారిపోదామని బయల్దేరిందో, ఆవిణ్ణే బ్యాగులో వేసుకుని, సీటు బెల్టు పెట్టి మరీ తీసుకెళుతోంది.

అప్పుడే వెనక సీట్లోంచి వినబడింది. "హీటర్ తగ్గించమనవే, ముక్కులెండిపోతున్నాయి."

కనకదుర్గ కదల్లేదు. రవికుమార్ చెయ్యి చాపి హీటర్ తగ్గించాడు.

"ఎందుకు తగ్గించారు?" అంది ఆవిడ.

"ఏమో. తగ్గించాలనిపించింది," అన్నాడు.

వెనకాల అవని చెవుల్లో పాటలు పెట్టుకుని నిద్రపోతోంది.

ఇదీ కౌంటర్ మీద రాయి పెట్టేముందు జరిగింది. రాయిని చూడగానే రవికుమార్ గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, వంగి బూట్ల లేసులు గట్టిగా బిగించుకున్నాడు. అక్కడ బూట్లు విప్పాలని గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది.

గదిలో ఓకుమురా గారు నాలుగు నీలం అంగీలు మడతపెట్టి ఉంచింది. పొట్టి బల్ల చుట్టూ నాలుగు మెత్తలు, నాలుగు కప్పులు. కిటికీ అవతల గడ్డకట్టిన సరస్సు, తెల్లగా, కంటికి ఆనినంత మేరా. దీపాలు పెట్టే వేళ కాకుండానే చీకటి పడుతోంది. కనకదుర్గ రాయిని ఎక్కడ పెట్టాలో తెలియక నాలుగో మెత్త మీద పెట్టింది. ఓకుమురా గారు నాలుగు కప్పుల్లోనూ టీ పోసి వెళ్ళిపోయింది.

సరస్సు ఒక్కసారి మూలిగింది. గోడలు అదిరేంత లోతైన మూలుగు.

"ఐస్ ఎక్స్‌పాండ్ అవుతుంది అమ్మా. అందుకు సౌండ్. ఇట్స్ నార్మల్," అంది అవని.

"నాకు తెలుసులే. మోకాళ్ళ గురించి మీ నాన్నమ్మ కూడా నార్మలే అనేది," అంది కనకదుర్గ.

బట్టలు సర్దుకుని వచ్చి చూస్తే నాలుగో కప్పులో టీ రెండు వేళ్ళు తగ్గింది. కనకదుర్గ మొగుణ్ణి చూసింది. మొగుడు కూతుర్ని చూశాడు.

"నేను తాగలేదు. ఐ హేట్ గ్రీన్ టీ," అంది అవని.

అందరికీ ఒక్కసారిగా కిటికీ చూడాలనిపించింది.

స్నానాల సంగతి వేరే చెప్పాలి. అక్కడి పద్ధతి ఏమిటంటే, మగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళొక పక్క, మధ్యలో దేవదారు చెక్కల గోడ. ముందు పొట్టి పీట మీద కూర్చుని, బకెట్టుతో నీళ్ళు పోసుకుని ఒళ్ళు రుద్దుకోవాలి. ఆ తర్వాతే ఆరుబయట సరస్సు ఒడ్డున ఉన్న రాతి తొట్టిలో దిగాలి. అదీ, నూలుపోగు లేకుండా. అవని "నో వే" అని గదిలోనే ఉండిపోయింది. కనకదుర్గ బాగా ఆలోచించి నైటీతో దిగింది. దిగీ దిగగానే నైటీలోకి గాలి చేరి, ఆవిడ చుట్టూ పూల పూల గుడారంలా పైకి లేచింది. ఒక పక్క నొక్కితే ఇంకో పక్క లేచింది. ఓకుమురా గారు ఒడ్డున నిలబడి, ఆ గుడారం పూర్తిగా ములిగేదాకా మర్యాదగా సరస్సు వైపు చూసి, తర్వాత తువ్వాలు చాపి పట్టుకుని కళ్ళు మూసుకుంది. అంతకన్నా మర్యాదగా ఎవరూ ఎవర్నీ బయటికి రమ్మని ఉండరు.

బయటికొచ్చి వణుకుతూ ఒళ్ళు తుడుచుకుంటుంటే కనకదుర్గకి ఆ పొట్టి పీట, బకెట్టు కనబడ్డాయి. అచ్చం నోవై టబ్బులో ఉన్నవే. తొమ్మిదేళ్ళ ఆదివారాలు అక్కడ బోర్లించి పెట్టినట్టున్నాయి. చెవి పక్కనే, "ఇలాంటివి ఉన్నాయని చెప్పావు కాదేవే," అన్న గొంతు వినబడింది. ఆవిడ తడి జుట్టుతోనే గదికి పరిగెత్తింది.

మర్నాడు పొద్దున లేచేసరికి నేల మీద పరిచిన నాలుగు పరుపుల్లో, ఎవరూ పడుకోని నాలుగో పరుపు దుప్పటి కాళ్ళ దగ్గరకి తన్నేసి ఉంది. పేరిందేవమ్మ గారికి పాదాల మీద దుప్పటి ఉంటే ఊపిరాడేది కాదు. అవని దొర్లి ఉంటుందని రవికుమార్ అన్నాడు. అవని ఆ చివర గోడవార ముడుచుకుని పడుకుని ఉంది. మధ్యాహ్నం ముగ్గురూ సరస్సు చుట్టూ నడిచి వచ్చేసరికి, గుమ్మంలో ఉండాల్సిన నాలుగో జత చెప్పులు స్నానాల గది తలుపు దగ్గర ఉన్నాయి. లోపలికి పోయినవాళ్ళు విడిచినట్టు. ఓకుమురా గారిని అడిగితే తను ముట్టుకోలేదంది. చెప్పులు తడిగా ఉన్నాయి.

"ఏవండీ, మనం వెళ్ళిపోదాం," అంది కనకదుర్గ మెల్లగా.

"ఎక్కడికి?" అన్నాడు రవికుమార్.

ఇంటికి వెళ్ళినా ఆవిడే, ఇక్కడున్నా ఆవిడే. పైగా ఇంటి దగ్గర గొంతు ఒక్కటే వినబడేది. ఇక్కడ ఆవిడకో పరుపు, అంగీ, చెప్పులు కూడా అమర్చిపెట్టింది కోడలు. నాలుగు నొక్కిన వేలిని కనకదుర్గ కోపంగా చూసుకుంది.

ఆ సాయంత్రం భోజనాల దగ్గర అసలు సంగతి బయటపడింది. కూరగాయలతోనే వండమని ముందే చెప్పారు కనక, ఓకుమురా గారు చిన్న చిన్న గిన్నెల్లో ఏవేవో ఉడకబెట్టినవి, పెరుగుముక్కల్లాంటి సోయా ముక్కలు, అన్నం నలుగురికీ పెట్టింది. కనకదుర్గ తెచ్చుకున్న ఆవకాయ సీసా బల్ల మధ్యలో నిలబెట్టింది. నాలుగో మెత్త మీద రాయి. దాని ముందు పొగలు కక్కుతున్న అన్నం గిన్నె. అవని సర్దే స్వభావం గల పిల్ల. బల్ల మీద అడ్డంగా పడి ఉన్న అన్నం తినే నాలుగో జత పుల్లల్ని తీసి, దొర్లకుండా ఆ అన్నంలో నిలువుగా గుచ్చింది.

పులుసు గిన్నె పట్టుకుని గుమ్మంలోకి వచ్చిన ఓకుమురా గారు అక్కడే ఆగిపోయింది.

"అలా..." అని ఇంగ్లీషులో మాటలు వెతుక్కుంది. "అలా పెట్టేది పోయినవాళ్ళకి."

సరస్సు కూడా మూలగలేదు. అవని ముఖం ఎర్రబడింది. "సారీ, సారీ, ఐ డిడ్ నాట్ నో," అంటూ పుల్లల మీద చెయ్యి వేసింది.

ఓకుమురా గారు రాయిని చూసింది. ముగ్గురినీ చూసింది. "నాలుగోది తీసేయమంటారా?" అంది నెమ్మదిగా.

తీసేయమంటే అయిపోతుంది. ఒక్క మాట. కనకదుర్గ నోరు తెరిచింది. గిన్నె పోతుంది, మెత్త పోతుంది, రాత్రికి మూడే పరుపులు. నాలుగు రోజుల నిద్ర. ఇక్కడికి వచ్చిందే ఆ మాట కోసం. నోరు తెరిచి, మొగుడి వైపు చూసింది.

రవికుమార్ ఆవకాయ సీసా మూత తీస్తున్నాడు. చెంచాతో ఓ ముక్క తీసి, నాలుగో అన్నం గిన్నె అంచున పెట్టాడు.

"ఉండనివ్వండి. ఈ చప్పిడి కూడు ఆవిడ తినదు," అన్నాడు. సీసా మూత బిగిస్తూ, "అమ్మ భోజనానికి ఎప్పుడూ ఆఖర్నే వచ్చేది," అన్నాడు.

ఆ మాట ఆ ఇంటి మగవాడి నోట ఏప్రిల్ తర్వాత రావడం అదే మొదలు. అన్నాక ఆపుకోలేకపోయాడు. అవని ఇంత పెద్దయ్యాక తండ్రి ఏడవడం చూడటం కూడా అదే మొదలు. ఏం చెయ్యాలో తెలియక సోయా ముక్క ఒకటి ఆయన గిన్నెలో వేసింది. ఓకుమురా గారు పులుసు గిన్నె కింద పెట్టి, తలుపు చప్పుడు కాకుండా జరిపి వెళ్ళిపోయింది.

"నాన్నా, కారులో నాకు నాన్నమ్మ గొంతు వినిపించింది," అంది అవని కాసేపయ్యాక. "హీటర్ గురించి. ఐ థాట్ ఐ వాజ్ డ్రీమింగ్."

"నాకు వినిపించలేదు," అన్నాడు రవికుమార్ ముక్కు తుడుచుకుంటూ. "నాకు తెలిసిందంతే."

కనకదుర్గ ఇన్నాళ్ళూ ఆ చాదస్తమంతా తన ఒక్కదాని నెత్తి మీదే ఉందనుకుంది. ఇప్పుడు ముగ్గురికీ పంచేసరికి బరువు తగ్గాలి కదా. తగ్గలేదు. హీటర్ మాట అందరిదీ. మధ్యలో మిగిలిపోయిన మాట మాత్రం తనదే. ఆ పాలు మాడిన వాసన ఎవరికీ పంచేది కాదు.

ఆఖరి రోజు తెల్లవారి, భార్యాభర్తలు చెరో పక్క స్నానానికి వెళ్ళారు. ఈసారి కనకదుర్గ నైటీ తేలేదు. లోపల మరెవరూ లేరు. గోడ వారగా ఎప్పుడూ విడివిడిగా బోర్లించి ఉండే పీటలు ఇవాళ రెండు ఎదురూ బొదురూ కాకుండా, ఒకదాని వెనక ఒకటి వేసి ఉన్నాయి, ఒకరి వీపు ఒకరు రుద్దే వరసలో. రెండు బకెట్లు. రెండు తువ్వాళ్ళు. ఓకుమురా గారు ఎప్పుడు సర్దిపెట్టిందో.

కనకదుర్గ గదికి వెళ్ళి, రాయిని చేత్తో పట్టుకుని వచ్చింది. ముందు పీట మీద పెట్టింది. తను వెనక పీట మీద కూర్చుంది.

అప్పుడు చూసింది. రాయి అటూ ఇటూ అరిగి, పైన వంగి, ముసలివాళ్ళ వీపులా గూని పోయి ఉంది. మధ్యలో మాత్రం మడమ తగలని చోట, రూపాయి బిళ్ళంత మేర గరుగ్గా, నల్లటి మట్టి పేరుకుని ఉంది.

బకెట్టు ముంచి పోసింది. రాయికి నీళ్ళు పోయడం మనవాళ్ళకి కొత్తేమీ కాదు గానీ, ఇంత వేడినీళ్ళు ఏ దేవుడికీ పోసి ఉండరు. రాయి మీంచి గుప్పున ఆవిరి లేచింది. లేచి, కనకదుర్గ ముందు వంగి, అలాగే నిలబడింది. చెక్క గోడ అవతల తొట్టిలోంచి మొగుడు లేచిన చప్పుడు, తడి అడుగుల చప్పుడు వినబడ్డాయి.

"కాస్త గట్టిగా," అంది గొంతు. చెవి పక్క నుంచి కాదు. ఎదురుగా, పీట మీంచి.

కనకదుర్గ తువ్వాలు ముడి వేసి, చేతికి చుట్టుకుని రుద్దడం మొదలుపెట్టింది. భుజాలు. పక్కలు. "బీరకాయనుకున్నావా?" అంది గొంతు. "మీరు నోరు మూసుకుని కూర్చోండి," అంది కనకదుర్గ, తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ పైకి అనలేని మాట. పీట మీద ఎవరో చిన్నగా నవ్వినట్టయింది. నల్లటి నీళ్ళు పీట కాళ్ళ కింద నుంచి కాలవ కట్టి పోతున్నాయి. ఆవిడ వంగి, మధ్యలోకి వచ్చింది. గోరు పెట్టి ఆ మట్టిని గీకింది. ఇంకోసారి నీళ్ళు పోసింది. కళ్ళలో సబ్బు పడిందో ఏమో, మండుతున్నాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

గోడ అవతల నుంచి రవికుమార్ గొంతు చిరాగ్గా వచ్చింది. "దుర్గా! నేను బయటికొచ్చి ఎంతసేపయిందో తెలుసా? తువ్వాలు అప్పడంలా బిగుసుకుపోయింది, నా మీసం గడ్డకట్టింది. ఒక్కదానివే ఉన్నావుగా అక్కడ, ఇంతసేపేం చేస్తున్నావ్?"

"ఒక్కదాన్నేం కాదండీ, అత్తయ్యగారి వీపు మధ్యలో కాస్త మిగిలింది, వస్తున్నాం!" అంది కనకదుర్గ.